మరబాలుడికి ప్రాణం పోసిన డాక్టరుగారు – ఒసాము తెజుకా

పిల్లలూ! వారాంతపు బడికి వచ్చేటప్పుడు మీ సంచుల్లో తెలుగు వాచకం పక్కనే జపాను బొమ్మల పుస్తకం ఒకటి దాక్కుని ఉంటుందని మీ గురువులకు బాగా తెలుసు. వాటిని మీరు మంగా అంటారు. రాకెట్లు, మరమనుషులు, వేరే గ్రహాల వాళ్ళు, కాలంలో ముందుకీ వెనక్కీ ప్రయాణాలు! ఒక భాగం అయిపోగానే తరువాతి భాగం కోసం లైబ్రరీలో పేరు రాయించుకుని మరీ ఎదురుచూస్తారు. అమ్మానాన్నలేమో ఆ పుస్తకాల వంక కాస్త అనుమానంగా చూస్తారు. ఇలా బొమ్మలు చూస్తూ కూర్చుంటే చదువు ఎప్పుడు సాగుతుందని వాళ్ళ బెంగ.

మీ ఇద్దరికీ పనికివచ్చే కథ ఒకటి ఈసారి చెప్పుకుందాం. ఇది కల్పన కాదు, ఒక మనిషి జీవితం. ఆయన డాక్టరు చదువు చదివారు, పరీక్ష పాసయ్యారు. కానీ స్టెతస్కోపు పక్కన పెట్టి కుంచె పట్టుకున్నారు. జపానులో ఆయనను మంగా దేవుడు అని పిలుస్తారు. ఆయన పేరు ఒసాము తెజుకా.

పురుగు పేరు పెట్టుకున్న పిల్లవాడు

తెజుకా 1928 నవంబరు 3న ఒసాకా దగ్గర టొయొనకాలో పుట్టారు. అది మెయిజీ చక్రవర్తి పుట్టినరోజు కావడంతో ఆ చక్రవర్తి పేరులోని ఒక అక్షరంతోనే పిల్లవాడికి ఒసాము అని పేరు పెట్టారు. ఆయనకు ఐదేళ్ళ వయసులో కుటుంబం తకరజుకా అనే ఊరికి మారింది. కొండలు, అడవి, వాగులు ఉన్న ఊరు. ఆడవాళ్ళే అన్ని వేషాలూ వేసే పెద్ద నాటకశాల కూడా అక్కడ ఉంది. వాళ్ళమ్మ ఫుమికో పిల్లవాణ్ణి ఆ నాటకాలకు తీసుకెళ్ళేది. నాన్న యుతకాకు సినిమాలంటే ఇష్టం. ఇంట్లోనే చిన్న ప్రొజెక్టరు పెట్టి చాప్లిన్ సినిమాలు, డిస్నీ బొమ్మల సినిమాలు వేసి చూపించేవాడు.

బడిలో మాత్రం ఒసాముకు రోజూ కష్టమే. పొట్టివాడు, కళ్ళద్దాలు, ఉంగరాల జుట్టు. తోటి పిల్లలు ఎగతాళి చేసేవాళ్ళు, ఏడిపించేవాళ్ళు. ఏడుస్తూ ఇంటికి వచ్చిన కొడుకును అమ్మ ఒడిలో కూర్చోబెట్టుకుని బొమ్మల కథలు చదివి వినిపించేది. ఊరికే చదవడం కాదు, ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు పెట్టి చదివేది. ఆ ఇంట్లో బొమ్మల పుస్తకాలు చాలా ఉండేవి. వాటిని చదవడానికి మెల్లగా తోటి పిల్లలు ఇంటికి రావడం మొదలుపెట్టారు. తరువాత ఒసాము తానే గీసిన కథలు చూపించేసరికి, ఏడిపించిన వాళ్ళే ఆ కథలకు మొదటి పాఠకులయ్యారు.

ఆయనకు ఇంకో పిచ్చి కూడా ఉండేది. అదే పురుగుల పిచ్చి! సీతాకోకచిలుకలను, రకరకాల పురుగులను పట్టి, ఒక్కో కాలును, రెక్కను, రెక్క మీది చుక్కను పరీక్షగా చూసి అచ్చం అలాగే బొమ్మ గీసేవాడు. జపాను భాషలో ఒసాముషి అని ఒక నేల పురుగు ఉంది. ఆ పేరు తన పేరులా ఉందని మురిసిపోయి, తన పేరు చివర పురుగు అనే అర్థం వచ్చే అక్షరాన్ని తగిలించుకున్నాడు. ప్రపంచమంతా తెలిసిన ఆ సంతకంలో ఇప్పటికీ ఆ పురుగు ఉంది!

యుద్ధంలో బాల్యం

1941లో ఒసాకాలోని కితనో మాధ్యమిక పాఠశాలలో చేరాడు. ఆ ఏడాది చివరే జపాను పెద్ద యుద్ధంలోకి దిగింది. చదువులు మూలపడ్డాయి. పిల్లల చేత సైనిక కవాతులు చేయించేవారు, ఫ్యాక్టరీల్లో పని చేయించేవారు. దేశం యుద్ధంలో ఉంటే బొమ్మలు గీయడం సోమరితనమని పెద్దలు కోప్పడేవారు. అయినా ఒసాము దొంగచాటుగా గీస్తూనే ఉన్నాడు. ఆ రోజుల్లోనే రెండు చేతులకూ చర్మవ్యాధి సోకి, చేతులు పోతాయేమోనన్నంత వరకు వచ్చింది. ఒక డాక్టరు వైద్యం చేసి ఆ చేతులను నిలబెట్టాడు. డాక్టరు కావాలన్న కోరిక ఆయనలో అప్పుడే మొలకెత్తింది.

1945 జూన్‌లో ఒసాకా మీద విమానాలు బాంబుల వర్షం కురిపించాయి. ఆ సమయంలో ఒసాము ఫ్యాక్టరీ దగ్గర కాపలా మంచె మీద ఉన్నాడు. చుట్టూ అంతా తగలబడిపోయింది, ఎంతోమంది చనిపోయారు. ఆయన వెంట్రుకవాసిలో బతికి బయటపడ్డాడు. రెండు నెలల తరువాత యుద్ధం ముగిసింది. అన్నాళ్ళూ చీకట్లో మగ్గిన ఒసాకాలో ఆ రాత్రి దీపాలు వెలిగాయి. ఇక తాను చావనక్కరలేదు, ఇష్టం వచ్చినన్ని బొమ్మలు గీసుకోవచ్చు అని పదహారేళ్ళ ఆ కుర్రవాడికి అప్పుడు అర్థమైంది. ఆ తరువాత ఆయన గీసిన కథలన్నింటిలోనూ ప్రాణం విలువ ఒక్కటే అడుగున ప్రవహిస్తుంది. మరమనిషి కథైనా, సింహం కథైనా అంతే.

రెండు పడవల మీద కాళ్ళు

1945లోనే ఒసాకా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరారు. 1946 జనవరిలో, ఇంకా పదిహేడేళ్ళ వయసులోనే, ఆయన గీసిన నాలుగు గళ్ళ బొమ్మల కథ పిల్లల పత్రికలో రావడం మొదలైంది. 1947లో షిచిమా సకాయ్ అనే పెద్ద చిత్రకారుడితో కలిసి కొత్త నిధి దీవి అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం తెచ్చారు. మన పెద్దలు ప్రాణంగా చదువుకున్న చందమామ పుట్టింది కూడా ఆ 1947లోనే! చవక కాగితం మీద అచ్చయిన ఆ జపాను పుస్తకం నాలుగు లక్షల ప్రతులు అమ్ముడైందని చెబుతారు.

అందులో కొత్తదనం ఏమిటంటే, అది కాగితం మీద నడిచే సినిమా. అప్పటివరకు బొమ్మల కథల్లో మనుషులు నాటకం స్టేజీ మీద నిలబడినట్టు ఒకే దూరంలో నిలబడి మాట్లాడేవారు. తెజుకా కథ మొదట్లోనే ఒక కుర్రవాడు కారులో దూసుకుపోతుంటాడు. ఒక గడిలో కారు దూరంగా కనిపిస్తుంది, తరువాతి గడిలో దగ్గరగా, ఆ తరువాత ఇంకో వైపు నుంచి. చదివేవాడి కన్ను కెమెరాలా పరుగెత్తుతుంది. మీరు ఈనాడు చదివే మంగాల్లో ఈ పద్ధతి మీకు మామూలుగా అనిపిస్తుంది. ఆనాటి పిల్లలకు అది ఇంద్రజాలం! నాన్న ఇంట్లో వేసిన సినిమాలు అలా పనికొచ్చాయి.

ఆ వెంటనే మూడు వైజ్ఞానిక కల్పనలు వచ్చాయి. 1948లో లాస్ట్ వరల్డ్, 1949లో మెట్రోపోలిస్, 1951లో నెక్స్ట్ వరల్డ్. 1950లో జంగిల్ ఎంపరర్ అనే తెల్ల సింహం కథ పత్రికలో మొదలైంది. పగలు శరీరశాస్త్రం పాఠాలు, రాత్రి బొమ్మలు. కాలేజీలో నోటు పుస్తకాల నిండా కూడా బొమ్మలే. ఒక ఆచార్యుడు పిలిచి, నువ్వు మంచి డాక్టరువి కాలేవు, బొమ్మలే గీసుకో అని సలహా ఇచ్చాడట. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఎంత దూరం పోగలరు?

చివరకు అమ్మనే అడిగారు. ఆవిడ ఎదురు ప్రశ్న వేసింది, నీకు నిజంగా ఏది ఇష్టమని. బొమ్మలే అన్నారు. అయితే టోక్యో వెళ్ళి అదే చెయ్యమంది. అంతే! అయితే ఒక్క సంగతి గమనించండి. ఆయన చదువు మధ్యలో వదిలి పారిపోలేదు. 1951లో వైద్యవిద్య పూర్తి చేశారు, 1952లో జాతీయ వైద్య పరీక్ష పాసయ్యారు. ఆ తరువాత పదేళ్ళకు పేరు, పని రెండూ తలమునకలుగా ఉన్న రోజుల్లో నత్త కణాల మీద ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరిశోధన చేసి, 1961లో వైద్యంలో డాక్టరేటు కూడా తీసుకున్నారు.

రెండు లోకాల మధ్య ఆటమ్

1951 ఏప్రిల్‌లో షోనెన్ అనే బాలల మాసపత్రికలో కొత్త కథ మొదలైంది. మన భూమి లాంటిదే ఇంకో భూమి ఉండేది, అది పేలిపోయింది. అక్కడివాళ్ళు ఓడల్లో అంతరిక్షమంతా తిరిగి తిరిగి మన భూమికి చేరారు. వాళ్ళు అచ్చం మనలాగే ఉంటారు, ప్రతి మనిషికీ ఒక జంట! మొదట అందరూ సంతోషించారు. తరువాత తిండి చాలక గొడవలు మొదలయ్యాయి. వచ్చినవాళ్ళను తరిమేయాలని ఒక వర్గం కుట్ర పన్నింది. ఆ సమయంలో రెండు పక్షాల మధ్య రాయబారిగా వెళ్ళింది ఆటమ్ అనే మరబాలుడు. అతనికి జంట లేడు. ఇటువాడూ కాదు, అటువాడూ కాదు, కాబట్టే ఇద్దరితోనూ మాట్లాడగలిగాడు. నమ్మకం కుదరడానికి తన తలనే తీసి ఎదుటివాళ్ళ చేతిలో పెట్టాడు!

ఒక దేశంలో ఇల్లు, ఇంకో దేశంలో అమ్మమ్మ ఇల్లు ఉన్న మీకు ఈ ఆటమ్ చుట్టంలా అనిపించడం లేదూ?

పాఠకులకు ఆ బుడతడు ఎంతగా నచ్చాడంటే, 1952 నుంచి అతనే కథానాయకుడిగా కొత్త వరుస మొదలై 1968 వరకు సాగింది. ఇంగ్లీషులో అతని పేరు ఆస్ట్రో బాయ్. అతని పుట్టుక కథ మాత్రం విషాదం. టెన్మా అనే శాస్త్రవేత్త కొడుకు కారు ప్రమాదంలో చనిపోతాడు. ఆ దుఃఖంలో తండ్రి అచ్చం కొడుకులాంటి మరబాలుణ్ణి తయారుచేస్తాడు. కానీ మరబాలుడు ఎదగడు కదా! ఏళ్ళు గడిచినా అదే ఎత్తు. తండ్రికి కోపం వచ్చి సర్కసుకు అమ్మేస్తాడు. అక్కడి నుంచి ఒచనొమిజు అనే పెద్ద ముక్కు ప్రొఫెసరు అతన్ని విడిపించి, చేరదీసి, బడికి పంపుతాడు. ఆటమ్‌కు లక్ష గుర్రాల బలం, కాళ్ళలో జెట్లు, అరవై భాషలు వచ్చు. అన్నీ ఉన్నా మనుషులు అతన్ని తమతో సమానంగా చూడరు. ఆ బాధ చాలా కథల్లో ఉంటుంది.

ఆటమ్ అంటే సైన్సు గొప్పతనం చాటే బొమ్మ అని చాలామంది అనుకున్నారు. తెజుకాకు అది నచ్చేది కాదు. మనిషి తాను తయారుచేసిన దాన్ని తానే అర్థం చేసుకోలేకపోతే ఏమవుతుందో చెప్పడమే ఆయన ఉద్దేశం. కంప్యూటర్లు మనతో మాట్లాడుతున్న ఈ రోజుల్లో ఆ ప్రశ్న పాతబడిందంటారా?

పుస్తకాలకు నిప్పు

అమ్మానాన్నల అనుమానం గురించి మొదట్లో అనుకున్నాం కదా! జపానులో అది పెద్ద ఉద్యమమే అయింది. 1955లో చెడ్డ పుస్తకాలను తరిమేయాలంటూ తల్లిదండ్రుల సంఘాలు, విద్యాసంఘాలు బయలుదేరాయి. కొన్నిచోట్ల బొమ్మల పుస్తకాలను కుప్పపోసి తగలబెట్టారు. తెజుకా పుస్తకాలకూ తిట్లు తప్పలేదు. రాకెట్లు, మరమనుషులు అంటూ జరగనివన్నీ పిల్లల తలకెక్కిస్తున్నాడని నిందించారు. ఆ తరువాత 1957 అక్టోబరులో స్పుత్నిక్ భూమి చుట్టూ తిరిగింది!

తెజుకా వాదనలతో సరిపెట్టలేదు, పని చూపించారు. టోక్యోలో తొకివా-సో అనే పాత చెక్క మేడలో ఒక గదిలో ఆయన కొంతకాలం ఉన్నారు. ఆయన మీది అభిమానంతో కుర్ర చిత్రకారులు ఒక్కొక్కరే ఆ మేడకు చేరారు. ఆయన ఖాళీ చేసిన గదిలోకి వచ్చిన జంట ఎవరో తెలుసా? ఫుజికో ఫుజియో అనే పేరుతో కలిసి గీసిన ఇద్దరు మిత్రులు. మీ అందరికీ ఇష్టమైన డోరేమాన్ ఆ పేరు మీదనే వచ్చింది.

కదిలిన బొమ్మలు, మూతపడిన స్టూడియో

1959లో తెజుకా ఎత్సుకోను పెళ్ళి చేసుకున్నారు. ముగ్గురు పిల్లలు. 1960ల మొదట్లో ముషి ప్రొడక్షన్ అనే స్టూడియో పెట్టారు. ముషి అంటే పురుగే! 1963 జనవరి 1న ఆటమ్ టీవీలో ఎగిరాడు. వారంవారం అరగంట పాటు వచ్చే బొమ్మల ధారావాహిక జపానులో అదే మొదటిది. 1966 చివరిదాకా 193 భాగాలు వచ్చాయి. 1963లోనే అమెరికా టీవీల్లోనూ కనిపించింది. వారానికి ఒక భాగం అంటే మాటలా? అందుకే తక్కువ బొమ్మలతో సరిపెట్టడం, గీసిన బొమ్మలను దాచి మళ్ళీ మళ్ళీ వాడటం, నోరు మాత్రమే కదిలించడం వంటి ఉపాయాలు కనిపెట్టారు. మీరు చూసే అనిమేకు పునాది అక్కడ పడింది.

అయితే ఇందులో ఆయన పొరపాటూ ఉంది. టీవీ వాళ్ళకు ఒక్కో భాగాన్ని తయారీ ఖర్చు కన్నా తక్కువకు అమ్మారు. ఆ లోటును ఆయన మంగా సంపాదనతోనూ, ఇతర రాబడితోనూ పూడ్చవలసి వచ్చింది. ఆ తక్కువ ధరే ఆనవాయితీ అయిపోయి, బొమ్మలు గీసే కార్మికులకు జీతాలు పెరగకుండా చేసిందని ఈనాటికీ విమర్శ ఉంది. స్టూడియోకు అప్పులు పెరిగాయి. కొత్త తరం పాఠకులు వేరే రకం కథలవైపు మళ్ళారు. తెజుకా పాతబడిపోయాడని అందరూ అన్నారు. 1973లో ముషి ప్రొడక్షన్ దివాలా తీసింది. అప్పటికి ఆయన వయసు 45.

అదే ఏడాది నవంబరులో ఒక వారపత్రికలో కొద్ది వారాల కోసమని కొత్త కథ మొదలుపెట్టారు. పేరు బ్లాక్ జాక్. లైసెన్సు లేని గొప్ప సర్జన్, ముఖం మీద కుట్లు. చిన్నప్పుడు ప్రమాదంలో పాడైన ముఖానికి నల్లజాతి రక్తం ఉన్న స్నేహితుడు తన చర్మం ఇస్తాడు. రంగు కలవకపోయినా, మిత్రుడి గుర్తని దాన్ని మార్చుకోడు. ఆ కథలో ఆపరేషన్లన్నీ గీయడానికి ఆయనకు పనికొచ్చింది ఎప్పుడో చదివిన వైద్యవిద్యే! కొద్ది వారాలనుకున్నది పదేళ్ళు నడిచింది. తెజుకా మళ్ళీ నిలబడ్డారు.

బుద్ధుడు, అగ్నిపక్షి

1972 నుంచి 1983 వరకు ఆయన బుద్ధుడి జీవితాన్ని బొమ్మల కథగా గీశారు. కపిలవస్తు, సిద్ధార్థుడు, బింబిసారుడు, దేవదత్తుడు, అందరూ ఉంటారు. కల్పిత పాత్రలూ చాలా ఉన్నాయి కాబట్టి దాన్ని చరిత్ర పుస్తకంగా చదవకండి. ఇంగ్లీషులో ఎనిమిది సంపుటాలుగా వచ్చి, 2004లోనూ 2005లోనూ అమెరికాలో ఐస్నర్ బహుమతులు గెలుచుకుంది. పెద్ద పిల్లలు అమ్మానాన్నలతో కలిసి చదవదగ్గ పుస్తకం.

ఆయన తన జీవితకాలపు పనిగా భావించింది మాత్రం అగ్నిపక్షి. ఇంగ్లీషులో ఫీనిక్స్. తాను మొదలుపెట్టిన కామ్ అనే పత్రికలో 1967లో దీన్ని పూర్తిస్థాయిలో ఆరంభించి, 1988 దాకా గీశారు. ఆ పక్షి రక్తం తాగితే చావు ఉండదు. అందుకోసం ప్రతి యుగంలోనూ మనుషులు వెంటపడతారు. మొదటి భాగం జపాను ప్రాచీన కాలంలో, రెండో భాగం క్రీ.శ. 3404లో! ఒకటి గతం, ఒకటి భవిష్యత్తు, ఇలా రెండు కొసల నుంచి కథలు వర్తమానం వైపు నడిచి వస్తాయి. రెండో భాగంలో చావు లేకుండా పోయిన ఒక మనిషి, భూమి మీద జీవం మళ్ళీ పుట్టడం కోసం ఒంటరిగా కోట్ల సంవత్సరాలు కాచుకుని ఉంటాడు. చావు లేకపోవడం వరమా, శాపమా అన్నది చదివినవాళ్ళే తేల్చుకోవాలి.

తెజుకా పుస్తకాలు చదివేటప్పుడు ఒక చమత్కారం గమనించండి. ఒకే ముఖాలు వేర్వేరు కథల్లో వేర్వేరు పాత్రలుగా వస్తాయి. తన పాత్రలను ఆయన సినిమా నటుల్లాగే చూసుకున్నారు. దానవీరశూర కర్ణలో ఎన్.టి. రామారావుగారు కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు తానే అయి కనిపించలేదూ? అలాగన్నమాట!

చివరి గీత

ఆయన పని చేసిన తీరు చూస్తే భయమేస్తుంది. ఒకేసారి ఎన్నో పత్రికలకు కథలు. గడువు దాటిపోతుంటే సంపాదకులు ఆయన ఇంట్లోనే కాపలా కూర్చునేవారు. మొత్తం మీద దాదాపు 700 కథలు, లక్షా యాభై వేల పేజీలు గీశారని లెక్క. ఆరోగ్యం నిర్లక్ష్యం చేసిన ఫలితం కూడా అనుభవించారు. 1988లో కడుపుకు ఆపరేషన్ జరిగింది. అది కాన్సర్ అని ఆయనకు చెప్పలేదు, ఆ రోజుల్లో అక్కడ అది మామూలే. ఆసుపత్రి మంచం మీద కూడా పెన్సిలు అడిగి గీస్తూనే ఉన్నారు. 1989 ఫిబ్రవరి 9న, అరవై ఏళ్ళ వయసులో కన్నుమూశారు. అగ్నిపక్షి గతానికీ భవిష్యత్తుకూ నడుమ వర్తమానాన్ని చేరకుండానే ఆగిపోయింది. ఇంకో మూడు కథలు కూడా మధ్యలోనే ఉండిపోయాయి.

1994లో తకరజుకాలో ఆయన పేర మ్యూజియం తెరిచారు. కథ ప్రకారం ఆటమ్ పుట్టినరోజు 2003 ఏప్రిల్ 7. నిజంగా ఆ రోజు వచ్చినప్పుడు జపాను అంతటా పండుగ చేశారు!

పెద్దలకు ఒక మాట. మన పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు కావాలని మనం కోరుకోవడం తప్పు కాదు. ఫుమికోగారు కూడా కొడుకు వైద్యవిద్య చదువుతుంటే సంతోషించే ఉంటారు. కానీ సమయం వచ్చినప్పుడు నీకేది ఇష్టమని అడిగారు, చెప్పింది విన్నారు. వారానికి ఒక్కసారైనా పిల్లల పక్కన కూర్చుని ఆ బొమ్మల పుస్తకం ఏమిటో చెప్పించుకోండి. తెలుగులో చెప్పమనండి. అగ్నిపక్షి కథ తెలుగులో చెప్పడానికి ఎన్ని మాటలు కావాలో వాళ్ళకే తెలుస్తుంది.

పిల్లలూ, మీకూ ఒక పని. నాలుగు గళ్ళు గీయండి. నాలుగు బొమ్మలు వేయండి. పాత్రల చేత తెలుగులో మాట్లాడించండి. తెజుకా మొదలుపెట్టింది కూడా ఆ నాలుగు గళ్ళతోనే. వచ్చే సంచికలో మీ బొమ్మల కథల కోసం ఎదురుచూస్తుంటాం!